షహర్‌లో 28 గజాలు

హైదరాబాద్‌కు వాపస్ పోదామా, ఉన్నచోటే ఉందామా అని మొదట తర్జనభర్జన పడ్డది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు కాదు. కర్నూల్‌లో నౌకరీ చేసుకుంటూ ప్రతి రంజాన్‌కు బస్సెక్కే నాలాంటివాళ్లూ కాదు. రెండున్నర శతాబ్దాల కిందట ఒక దర్బారుకు దర్బారే ఈ సవాల్‌ను ఎదుర్కొంది.

1687లో ఔరంగజేబ్ ఎనిమిది నెలలు ముట్టడి వేసి గోల్కొండను పట్టుకున్నాక హైదరాబాద్ తఖ్త్ పోగొట్టుకున్న షహర్ అయింది. మొఘల్ సల్తనత్‌లో ఒక సూబాకు ముఖ్యపట్టణం, అంతే. దక్కన్ వ్యవహారాలు ఔరంగాబాద్ నుంచి నడిచాయి. 1724లో షకర్‌ఖేడా జంగ్ గెలిచి తన కాళ్ల మీద నిలబడ్డ మొదటి ఆసఫ్ జా కూడా ఔరంగాబాద్‌నే తన ఊరనుకున్నాడు. ఆయన కబర్ అక్కడికి దగ్గర్లోని ఖుల్దాబాద్‌లోనే ఉంది. ఆయన కొడుకు నిజాం అలీ ఖాన్ 1762లో గద్దెనెక్కాడు. ఒక దిక్కు మరాఠాల ఒత్తిడి, ఇంకో దిక్కు కోస్తాలో పాతుకుపోతున్న ఇంగ్లీషు కంపెనీ. 1760ల్లో ఆయన రాజధానిని మళ్లీ మూసీ ఒడ్డుకు తెచ్చాడు.

తారీఖు పుస్తకాల్లో ఇది ఒక్క వాక్యం. ‘రాజధాని మారింది’ అని రాసి ముందుకు పోతారు. కానీ రాజధాని మారడమంటే దఫ్తర్‌లో కూర్చుని లెక్కలు రాసే మున్షీ తన పెళ్లాంపిల్లల్ని, ముసలి తల్లిని, గిన్నెల్ని, దస్త్రాల్ని బండికెక్కించి నాలుగైదు వందల కిలోమీటర్లు నడవడం. మాలిక్ అంబర్ కాలం నాటి నహర్ నీళ్లు వచ్చే ఊరు వదిలి, ఎనభై ఏళ్లుగా రాజధానితనం పోయిన ఊరికి రావడం. 2016లో ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉద్యోగుల్ని హైదరాబాద్ నుంచి వెలగపూడికి రమ్మన్నప్పుడు ఎంతమంది భార్యాపిల్లల్ని ఇక్కడే వదిలి, శుక్రవారం సాయంత్రం రైలెక్కి వచ్చిపోయారో మనం చూశాం. వాళ్లకోసం వారానికి ఐదు రోజుల పని పెట్టాల్సి వచ్చింది. నిజాం అలీ ఖాన్ మున్షీలకు ఆ సౌలత్ లేదు.

మరి వాళ్లకు జాగా ఎక్కడ దొరికింది? అమీర్ల వెంట దొరికింది. పెద్ద పెద్ద అమీర్లు ఫసీల్ లోపల దేవ్డీలు కట్టుకున్నారు. దేవ్డీ అంటే ఒక ఇల్లు కాదు, ఒక చిన్న మొహల్లా. మర్దానా, జనానా, మధ్యలో సెహన్, చుట్టూ నౌకర్ల గదులు, గుర్రపుశాల, ఒక మస్జిద్. ఎవరి అమీర్ ఎంత పెద్దోడో వాళ్లకు అంత జాగా. షహర్‌కు వాపస్ వచ్చిన మొదటి జమాత్‌కు కిరాయి బాధ ఎక్కువ తెలియకపోయుండొచ్చు. కానీ తలదాచుకున్న గోడ వాళ్లది కాదు.

ఇదంతా ఎందుకు తవ్వుతున్నానంటే, మా ఇంట్లో ఏడాదిగా ఇదే మాట నడుస్తోంది. షాలిబండ వైపు గల్లీలో మాకో ఇల్లుంది. అమ్మీ, భాయిజాన్ కుటుంబం అందులో ఉంటారు. నేను పదకొండేళ్లుగా కర్నూల్‌లో ఉన్నాను. పెద్ద బిడ్డ పదో తరగతి అయిపోతోంది. అమ్మీకి డెబ్బై నాలుగు. షహర్‌లో ఒక డెస్క్ నౌకరీ కూడా దొరికేలా ఉంది. ‘వచ్చెయ్’ అని ఫోన్ చేసిన ప్రతిసారీ భాయిజాన్ అంటాడు. ఎక్కడికి రావాలన్నది మాత్రం ఇద్దరం మాట్లాడుకోం. జర్నలిస్టును కాబట్టి నా బలహీనత ఒకటుంది. జవాబు తెలియని సవాల్ ఎదురైతే, ఇంతకుముందు దీన్ని ఎవరెలా తేల్చుకున్నారో వెతుక్కుంటాను.

వెతుకుతుంటే ముందు కంటబడ్డవి లఫ్జ్‌లు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాడికి ఇలాంటివి కనబడకుండా పోవు. ఇల్లు మారే లెక్క తెలుగులో వేయండి. కిరాయి, ఖర్చు, జమ, బాకీ, కిస్తీ, జామీను, దస్తావేజు, వసూలు, హక్కు, జాగా, వాపసు. ఒక్కటీ సంస్కృతం కాదు, అచ్చ తెలుగూ కాదు. ఫార్సీ, అరబ్బీ దఫ్తర్ల నుంచి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగువాడి నోట్లో స్థిరపడినవే ఎక్కువ. హిసాబు మన మాటల్లోనే జరుగుతుంది. హిసాబులో మనకు మిగిలేది తక్కువ, అది వేరే సంగతి.

అసలు ఈ షహర్ పుట్టిందే ఒక ఇరుకు నుంచి బయటపడటానికి. గోల్కొండ ఖిలా లోపలా చుట్టుపక్కలా జనం కిక్కిరిసిపోయారు, నీళ్లకు ఇబ్బందయింది. ముహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కొత్త షహర్‌కు బునియాద్ వేశాడు, పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ దాని నఖ్షా చూసుకున్నాడు. చార్మినార్ నుంచి నాలుగు దిక్కులకు నాలుగు వెడల్పాటి సడక్‌లు. నది దాటడానికి 1578లో కట్టిన పురానా పుల్ అప్పటికే ఉంది. తన షహర్ జనంతో నిండిపోవాలని ఆ కవి బాద్షా దువా చేశాడు. 2011 జనగణన లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు 18 వేలకు పైగా మనుషులున్నారు. దువా ఖుబూల్ అయింది. సాయంత్రం మదీనా చౌరస్తాలో ఆటోలో ఇరుక్కున్నప్పుడల్లా, ఆయన కొంచెం హద్దు పెట్టి అడిగుంటే బాగుండేదనిపిస్తుంది.

వదిలిపోవడానికి అన్నిటికన్నా పెద్ద కారణం 1908లో వచ్చింది. సెప్టెంబర్ 28న మూసీ తెగబడింది. చనిపోయినవాళ్లు 15 వేల దాకా ఉంటారని అంచనా. కోల్సావాడి, అఫ్జల్‌గంజ్ దిక్కు మొహల్లాలకు మొహల్లాలే కొట్టుకుపోయాయి. అఫ్జల్‌గంజ్ దవాఖానాలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఇంకా ఉంది. ఆ రాత్రి రుబాయీల షాయర్ అమ్జద్ హైదరాబాదీ తల్లి, భార్య, బిడ్డ ఆయన కళ్లముందే నీళ్లపాలయ్యారు. ఆయనొక్కడే మిగిలాడు. ఆ సైలాబ్ మీద నజ్మ్ రాశాడు, మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, 1961లో ఇదే షహర్‌లో ఇంతఖాల్ అయ్యాడు.

ఇంటిల్లిపాదినీ మింగిన నది ఒడ్డున ఒక మనిషి ఇంకో యాభై ఏళ్లు ఎలా ఉండగలిగాడు? ముహబ్బత్ అనేసి సులువుగా తప్పుకోవచ్చు. షాయర్ కాబట్టి ఆ జవాబు చెల్లిపోతుంది కూడా. కానీ ఇల్లు పోయిన వేలమంది షాయర్లు కారు. వాళ్లు ఉండిపోవడానికి, పోయినవాళ్లు తిరిగి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ పదిహేను, ఇరవై ఏళ్లలో హుకూమత్ చేసిన పని అది.

మహబూబ్ అలీ పాషా తన మహల్‌లు తెరిచి బాధితులకు నీడ, అన్నం ఇచ్చాడు. అది తక్షణం చేసింది. అసలు పని తర్వాత మొదలైంది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలో చెప్పమన్నారు. ఆయన చెప్పినట్టే మూసీ మీద 1920 నాటికి ఉస్మాన్ సాగర్, ఈసీ మీద 1927 నాటికి హిమాయత్ సాగర్ వచ్చాయి. సైలాబ్‌ను ఆపడానికి కట్టినవి షహర్‌కు తాగునీళ్లు కూడా ఇచ్చాయి. మధ్యలో 1911లో ప్లేగు. 1912లో ఆరాయిష్-ఎ-బల్దియా, అంటే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. నిజాం రెండో కొడుకు ముఅజ్జం జా తర్వాత దానికి సదర్‌గా ఉన్నాడు. ముఅజ్జం జాహీ మార్కెట్ ఆయన పేరే. గాలి, వెలుతురు లేని బస్తీలను బోర్డు పడగొట్టింది, సడక్‌లు వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీలో రెండు వైపులా ఆ రాతి కమానుల దుకాణాలు కట్టింది. అన్నిటికన్నా ముఖ్యంగా, తక్కువ ఆమ్దనీ ఉన్నవాళ్ల కోసం చిన్న చిన్న ఇళ్లు కట్టి తక్కువ కిరాయికి ఇచ్చింది.

ఆ ముచ్చట మీద నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే మన ముషాయిరాల్లో, మన తఖ్రీర్‌లలో నిజాం జమానా అంటే జవాహిరాత్, యూనివర్సిటీ, పేపర్‌వెయిట్‌గా వాడిన వజ్రం. గరీబుకు రెండు గదుల ఇల్లు కట్టించడం షహర్‌ను నిలబెట్టే పని అని ఆ కాలంలో ఒక దఫ్తర్‌కు తోచిందన్నది మనకు యాదికి రాదు. పడగొట్టినప్పుడు నష్టపోయినవాళ్లు ఉన్నారు. బోర్డు ఫరిష్తాల జమాత్ కాదు. అయినా షహర్‌కు రావాలా వద్దా అనుకునే నౌకరీపేషా మనిషికి ఒక ఇల్లు చూపించిన ఇదారా అది. ఆ తర్వాత నా ఎరుకలో పాతబస్తీకి అంత పట్టుదలతో ఇళ్లు కట్టించినవాళ్లు కనబడలేదు.

1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా ఐదు రోజులు. దాన్ని పోలీస్ యాక్షన్ అన్నారు. రజాకార్ల జుల్మ్ కింద తెలంగాణ పల్లెలు, ముఖ్యంగా హిందూ రైతులు ఎంత నలిగారో మన ఇళ్లలో తక్కువ చెప్పుకుంటాం. ఆ తర్వాత ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో ముసల్మాన్‌లకు ఏమైందో దేశం తక్కువ చెప్పుకుంటుంది. ప్రభుత్వమే పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేల దాకా ఉంటారని అంచనా కట్టింది. బతికినవాళ్లు షహర్‌కు పరుగెత్తారు. 1941లో ఏడున్నర లక్షలకు దగ్గరగా ఉన్న షహర్ జనాభా 1951 నాటికి పది లక్షలు దాటింది.

మా దాదా వాళ్లలో ఒకడు. బీదర్ జిల్లా పల్లె నుంచి దాదీని, ఇద్దరు పిల్లల్ని, ఒక కుట్టుమిషన్‌ను తీసుకుని వచ్చాడు. దిగింది ఒక దేవ్డీ గుర్రపుశాలలో. అప్పటికి గుర్రాలు లేవు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్ ఆమ్దనీ ఆగిపోయిన నవాబుల ఔలాద్ ముందు ఫర్నిచర్ అమ్మారు, తర్వాత ఝూమర్‌లు, తర్వాత దేవ్డీనే ముక్కలుగా అమ్మడం మొదలుపెట్టారు. మా దాదా పన్నెండేళ్లు కిరాయి కట్టి, ఆ గుర్రపుశాలలోనే 80 గజాలు కొన్నాడు. మా పొరుగు ఖాలావాళ్ల వంటిల్లు ఒకప్పటి సెహన్‌లో హౌజ్ ఉన్న జాగా. వెనక గల్లీ అంటే ఏనుగు నడిచిన దారి అని మా అబ్బా చెప్పేవాడు. ఇప్పుడు రెండు బైకులు ఎదురొస్తే ఒకటి వెనక్కి పోవాలి.

పాతబస్తీ ఎందుకింత ఇరుకు అని అడిగేవాళ్లకు, ‘వాళ్లకు పిల్లలెక్కువ’ అనే జవాబు రెడీగా ఉంటుంది. ఆ జవాబుకు ముందు ఈ మూడేళ్లను చూడాలి. ఒకే ఒక్క కాలంలో జిల్లాల నుంచి జనం వచ్చి పడ్డారు, పాత నౌకరీలు పోయాయి, ఫౌజ్ రద్దయింది, దేవ్డీలు గజాల లెక్కన తెగిపోయాయి. ఒక ఖాందాన్ ఉండే జాగాలో యాభై కుటుంబాలు చేరాయి. ఆ నఖ్షా మీదే మనం ఇప్పటికీ అంతస్తుల మీద అంతస్తులు వేస్తున్నాం.

అదే సమయంలో షహర్ నుంచి బయటికి పోయినవాళ్లూ ఉన్నారు. కరాచీలో హైదరాబాద్ కాలనీ ఉంది, బహాదుర్ యార్ జంగ్ పేరు మీద బహాదురాబాద్ ఉంది. మా దాదా తమ్ముడు అక్కడికే పోయాడు. పోయినవాళ్లలో ఎంతోమందికి అది హిజ్రత్ అన్న ఖయాల్ లేదు, కొన్నాళ్లు చూసి వద్దామనుకున్నారు. కానీ 1948 జూలై నుంచే పశ్చిమ పాకిస్తాన్ నుంచి రావాలంటే పర్మిట్ కావాలన్నారు. మన దస్తూర్‌లో ఏడో ఆర్టికల్ తీసి చదవండి. 1947 మార్చి 1 తర్వాత పాకిస్తాన్‌కు వలసపోయినవాళ్లు పౌరులు కారు. మళ్లీ స్థిరపడటానికో, శాశ్వతంగా తిరిగి రావడానికో ఇచ్చిన పర్మిట్ మీద వచ్చినవాళ్లకు మాత్రం మినహాయింపు. ఇంటికి వాపస్ రావడమన్నది దేశపు దస్తూర్‌లో ఒక షరతుగా రాసిన కాలం అది.

ఇల్లు సంగతి ఇంకా చిక్కు. 1950 నాటి ఎవాక్యూ ప్రాపర్టీ చట్టంతో, పోయినవాడి ఆస్తి కస్టోడియన్ చేతికి పోతుంది. కొంతకాలం ‘పోవాలనుకుంటున్నవాడు’ అని ఒక తరగతి కూడా పెట్టారు. ఇక్కడే ఉన్నా నీ మీద ఆ ముద్ర పడొచ్చు. మరి ఒకే ఇంట్లో ఒక అన్న పోయి ఇంకో అన్న ఉంటే? దానికీ 1951లో ఒక చట్టం వచ్చింది, హిస్సాలు విడదీయడానికి. పంచుకోని ఇంట్లో పోయినవాడి హిస్సా ఎంత, ఉన్నవాడి హిస్సా ఎంత అని ఒక అధికారి తేలుస్తాడు. పంచడానికి వీల్లేని ఇల్లయితే అమ్మకం. అంటే తమ్ముడు కరాచీ రైలెక్కితే అన్న కింద నేల కదులుతుంది. ఆ భయం మన ఇళ్లలో చాలాకాలం ఉండిపోయింది. దస్తావేజులు బయటికి తీయొద్దు, పేర్లు మార్పించొద్దు, పంపకాల మాటెత్తొద్దు అనే మన పెద్దల అలవాటుకు ఇదీ ఒక కారణమని నా అనుమానం.

చిన్న దాదా 1980ల్లో ఒకసారి వీసా మీద వచ్చాడు. నాకు ఏడెనిమిదేళ్లు. పోలీస్ స్టేషన్‌లో హాజరు రాయించుకుని, నెల రోజులుండి పోయాడు. వచ్చినరోజు నుంచీ గోడల్ని చేత్తో తడుముతూ తిరగడం గుర్తుంది. మెహమాన్ కాబట్టి మంచం ఆయనకిచ్చి మేమంతా కింద పడుకున్నాం.

ఆ తర్వాతి హిజ్రత్ తూర్పుకో పడమరకో కాదు, రియాల్ దిక్కు. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్ దేశాలకు మనుషులు కావాల్సి వచ్చారు. నిజాం ఫౌజ్‌లో పనిచేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చినవాళ్ల ఔలాద్ బార్కస్‌లో ఉండేవాళ్లు. బార్కస్ అన్న పేరే బ్యారక్స్ నుంచి వచ్చింది. వాళ్లకు అరబ్ రిష్తాలు కలిసొచ్చాయి. వాళ్ల వెనక మిగతా షహర్. ఆ సంపాదనతో మెహదీపట్నం, టోలిచౌకీ దిక్కు ఇళ్లు లేచాయి, ప్లాట్ల ధరలు లేచాయి. ఇది మనం మనకే చేసుకున్న పని అని ఒప్పుకోవాలి. జిద్దాలో ఉన్న తమ్ముడు ఏ రేటుకైనా ప్లాటు కొంటాడని తెలిశాక, షహర్‌లో ఉన్న అన్నకు ఆ ప్లాటు అందలేదు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యాక పడమటి దిక్కు ధరలు ఇంకో ఆస్మాన్‌కు పోయాయి. ఆ కథ అందరికీ తెలిసిందే.

గల్ఫ్ నుంచి వాపసీని ఎవరైనా రాయాలి. 2017 జూలైలో సౌదీ, తనమీద ఆధారపడ్డ కుటుంబంలో ఒక్కొక్కరికి నెలకు 100 రియాల్‌ల ఫీజు పెట్టింది, ఏటా ఇంకో 100 పెరిగి 2020కి 400 అయ్యేలా. మా భాయిజాన్‌కు భార్య, ముగ్గురు పిల్లలు. నలుగురు. 2018 జూలై నుంచి నెలకు 800, ఏడాదికి 9,600 రియాల్‌లు. అదీ ఇఖామా కొత్తది చేయించుకునేటప్పుడు ముందే కట్టాలి. 2020కి అయితే ఏడాదికి 19,200. వదినను, పిల్లల్ని 2018లో పంపేశాడు. ఏడాది ఒంటరిగా ఉండి తనూ వచ్చేశాడు. టోలిచౌకీలో ఫ్లాట్ కిరాయి ఆర్నెల్లు కట్టి, షాలిబండ 80 గజాలకు చేరాడు. ఉన్న పొదుపుతో మీద ఒక అంతస్తు వేశాడు. అది ఆయన చెమట, ఆయన డబ్బు. కింద నేల మాత్రం అందరిదీ.

వచ్చినవాళ్లు అందరికీ 80 గజాలు లేవు. దూరం పోయి చెరువుల అంచున కొన్నారు. 2020 అక్టోబర్ వానలకు బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి హాఫిజ్ బాబా నగర్ మునిగింది. ఫలక్‌నుమా దగ్గర, సౌదీ ఊరి పేరు పెట్టుకున్న అల్ జుబైల్ కాలనీ రోజుల తరబడి నీళ్లలో ఉంది. 1908 తర్వాత నీళ్లకు దారి ఎక్కడ వదలాలని ఒక ఇంజినీరును పిలిచి అడిగిన షహర్ ఇదే. మెట్రో రైలు 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ దాకా వచ్చి ఆగింది. అక్కడినుంచి ఫలక్‌నుమా దాకా అయిదున్నర కిలోమీటర్లు మొదటి ప్లాన్‌లోనే ఉన్నాయి. నౌకరీలు పడమర, సస్తా కిరాయిలు దక్షిణం, మధ్యలో ఆటో.

ఇప్పుడు నా హిసాబ్. కర్నూల్‌లో మూడు గదులకు 7 వేలు కడుతున్నాను. షహర్‌లో మా గల్లీకి నడిచిపోయేంత దూరంలో రెండు గదులకు 14 వేలన్నారు, పైగా ఆర్నెల్ల అడ్వాన్స్. ఒక దోస్తు రహన్ మీద తీసుకోమన్నాడు. ఐదారు లక్షలు ఇంటివాడికిస్తే కిరాయి లేకుండా ఉండొచ్చు, ఖాళీ చేసేటప్పుడు మొత్తం వాపస్. పాతబస్తీలో ఇది మామూలే. కానీ అప్పిచ్చి, దానికి కుదువపెట్టిన ఇంట్లో ఊరికే ఉండటం సూద్ కిందికే వస్తుందని ఉలమాల్లో చాలామంది అంటారు. మా ఇంటామె ఈ విషయంలో పక్కా. బ్యాంకు లోన్ మాట ఎత్తనే ఎత్తదు. సూద్ వద్దనుకున్నవాడికి ఈ షహర్‌లో ఇల్లు కొనే దారులు రెండే, విరాసత్ లేదా గల్ఫ్.

విరాసత్ అంటే మా అబ్బా పోయాక పంచని 80 గజాలు. షరియత్ హిసాబ్ సాఫ్‌గా వస్తుంది. అమ్మీకి ఎనిమిదో వంతు, 10 గజాలు. మిగిలిన 70లో ఇద్దరు కొడుకులకు చెరి 28, చెల్లెకు 14. భాయిజాన్ ‘నీ 28 నీవే’ అంటాడు, నిజాయితీగానే అంటాడు. కానీ 28 గజాలంటే విడిగా గోడ పెట్టుకునే జాగా కాదు. 1951 చట్టంలో అధికారికి ఎదురైన చిక్కే ఇది. పంచలేకపోతే అమ్మాలి. అమ్మితే భాయిజాన్ పదిహేడేళ్ల గల్ఫ్ రోడ్డున పడుతుంది. పైగా నా 28 అడిగే ముందు చెల్లె 14 గజాలు లెక్కలోకి రావాలి. మన ఖాందాన్‌లలో అన్నదమ్ములు హిస్సాలు గజాలతో సహా చెప్తారు, ఆడబిడ్డ హిస్సా రాగానే ‘ఆమె మాఫ్ చేసింది’ అంటారు. చెల్లె మాఫ్ చేయలేదు. ఎవరూ ఆమెను అడగనూ లేదు.

బుఖారీ షరీఫ్‌లో ఉసామా బిన్ జైద్ (రజి) చెప్పిన ఒక హదీసు ఈ నెలల్లో నాకు పదే పదే గుర్తొస్తోంది. మక్కాలో ఎక్కడ దిగుతారు, మీ ఇంట్లోనేనా అని ఆయన ప్రవక్తను (స) అడిగారు. అఖీల్ మనకోసం ఏ ఇల్లు మిగిల్చాడని ప్రవక్త (స) తిరిగి అడిగారు. అబూ తాలిబ్ విరాసత్ అఖీల్, తాలిబ్‌లకు పోయింది. అప్పటికే ఇస్లాంలో ఉన్న అలీ, జాఫర్‌లకు (రజి) అందలేదు. ఫతహ్ రోజున పుట్టిన ఊళ్లోకి జయించి వచ్చినవారు గుడారంలో దిగారు. తలుచుకుంటే ఏ ఇల్లయినా ఆయనదే అయ్యేది. ఆయన ఇక్కడే ఉండిపోతారేమోనని అన్సార్లు లోలోపల బాధపడ్డారు, కానీ ఆయన వాళ్లతో మదీనాకు వాపస్ వెళ్లిపోయారు. మన వాయిజ్‌లు ఈ ఘటనను మాఫీ గురించి చెప్తారు. ఇల్లు గురించి కూడా చెప్పొచ్చు.

నా మదీనా ఏమంత గొప్పది కాదు. కర్నూల్. 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉండి, దఫ్తర్‌లు డేరాల్లో నడిపించి, 1956లో ఆ హోదాను హైదరాబాద్‌కు అప్పగించిన ఊరు. 2009 అక్టోబర్ సైలాబ్ చూసిన ఊరు. ఇక్కడ హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ గుంబద్ ఉంది, డాక్టర్ అబ్దుల్ హఖ్ పెట్టిన ఉస్మానియా కాలేజీ ఉంది, నన్ను ‘హైదరాబాద్ సాబ్’ అని పిలిచే మస్జిద్ ఉంది. పిల్లలు ఇంట్లో దక్కనీ మాట్లాడుతూ మధ్యలో ‘ఏమప్పా’ అంటారు. షహర్‌కు పోతే వాళ్లది వాపసీ కాదు, హిజ్రత్. ఈ మాట పెద్ద బిడ్డే అంది, నేను కాదు.

పోయిన జుమా తర్వాత చెల్లెకు ఫోన్ చేసి 14 గజాల మాట అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. “అమ్మీ ఉన్నంతవరకూ అమ్మొద్దు భయ్యా, కానీ రాసిపెట్టండి” అంది. రాసిపెట్టడమన్నది మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ అనని మాట. భాయిజాన్‌కు చెప్పాను. ఒక వకీల్‌ను చూస్తానన్నాడు. అమ్మీ ఫోన్ లాక్కుని, మీ హిస్సాల సంగతి మీరు చూసుకోండి, నా పది గజాల్లో నా కొడుకు పడుకుంటాడు, వాణ్ని రమ్మను, అంది.

పది గజాలంటే తొంభై చదరపు అడుగులు. మేం ఐదుగురం. మార్చిలోగా ఇక్కడి ఇంటివాడికి జవాబు చెప్పాలి.